పాతకాలపు హాట్ రాడ్ రోడ్‌స్టర్: వెతికి పట్టుకోవడం, బాగుచేసి రోడ్డెక్కించడం

హాట్ రాడ్ అంటే వేగం కోసం మార్చిన పాత కారు, రోడ్‌స్టర్ అంటే గట్టి పైకప్పు లేని రెండు సీట్ల బండి. పాత పద్ధతి హాట్ రాడ్ రోడ్‌స్టర్ ఒకే ఏడాది కారు కాదు. 1928 నుంచి 1948 దాకా ఫోర్డు చేసిన భాగాల్లోంచి ఏరి కూర్చిన బండి అది. ఆ ఇరవై ఏళ్లూ ఫోర్డు ముందూ వెనకా అడ్డంగా ఒక్కో కమాను కట్ట, ముందు దూలం లాంటి ఇరుసు, మూసిన గొట్టంలో తిరిగే డ్రైవ్ షాఫ్టు అనే పద్ధతిని వదల్లేదు. అందుకే 1929 బాడీ, 1932 ఫ్రేము, 1940 బ్రేకులు, 1946 ఇంజను ఒకదానితో ఒకటి కలిశాయి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద పరుగెత్తించిన బళ్లు ఇలా తయారైనవే. ఈ పనికి డబ్బు కన్నా ముందు కావలసింది ఏ ఏడాది భాగం దేనికి పడుతుందో, ఎక్కడ పడదో తెలియడం.

ఏం వెతకాలి, ఎక్కడ చూడాలి

రోడ్‌స్టర్‌కి తలుపుల్లో పైకీ కిందికీ తిరిగే అద్దాలు ఉండవు. అవి ఉంటే అది క్యాబ్రియోలే. వెనక కూడా తలుపులుంటే ఫేటన్. అమ్మేవాళ్లు మూడింటినీ రోడ్‌స్టర్ అనే అంటారు, ధర మాత్రం రోడ్‌స్టర్‌కే ఎక్కువ. మోడల్ ఏ బాడీల్లో 1928-29 ఒక తీరు, 1930-31 ఇంకో తీరు. కౌల్ (ఇంజను మూతకీ ముందు అద్దానికీ మధ్య ఉండే బాడీ భాగం) ఆకారం వేరు కాబట్టి వాటి భాగాలు కలగలపకండి. 1932 ఫ్రేముని పక్క పట్టీ చూసి గుర్తుపట్టవచ్చు. దాని మీద నొక్కిన వంపు గీత బాడీ పక్కన బయటికి కనపడుతుంది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 106 అంగుళాలు, మోడల్ ఏ ఫ్రేముది 103.5. ఫెండర్లు తీసేసి బాడీని ఫ్రేము పైనే నిలబెడితే హైబాయ్, బాడీ అడుగు కోసి ఫ్రేము పట్టీల మీదకి దించితే ఛానెల్డ్.

అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో జరిగే పెద్ద మీట్, కాలిఫోర్నియాలో పొమోనా స్వాప్ మీట్ (పాత భాగాల సంత) భాగాలకు మంచి చోట్లు. మొత్తం బండి కావాలంటే మాత్రం సగంలో ఆగిపోయిన ప్రాజెక్టుల కోసం చూడండి. ఎవరో మొదలుపెట్టి గరాజులో వదిలేసిన బండిలో ఖరీదైన వస్తువులు అప్పటికే సమకూరి ఉంటాయి. ఇంజను, ఇరుసు, గేర్‌బాక్సు విడివిడిగా కొన్న లెక్క కన్నా అది చాలాసార్లు చవకే పడుతుంది. వెళ్లేటప్పుడు అయస్కాంతం, టేపు, టార్చి, పొడవాటి స్క్రూడ్రైవరు తీసుకెళ్లండి. అయస్కాంతం పట్టని చోట లోపల లప్పమో సీసమో ఫైబర్‌గ్లాసో ఉన్నట్టే. ఒహాయోలోని బ్రూక్‌విల్ లాంటి వాళ్లు మోడల్ ఏ, 1932 బాడీలు కొత్తగా ఉక్కు రేకుతోనే చేస్తున్నారు కాబట్టి, అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన అది ఫోర్డు ఫ్యాక్టరీ బాడీ అయిపోదు. కొత్త బాడీ కొనడం తప్పు కాదు. కొత్తదాన్ని పాతదని చెప్పి అమ్మడమే మోసం.

డబ్బు చేతులు మారకముందే కాగితాలు చూడండి. మోడల్ ఏకి ఇంజను మీద కొట్టిన నంబరే బండి నంబరు. ఫ్రేము ఎడమ పట్టీ పైన, బాడీ కింద దాగే చోట అదే నంబరు మళ్లీ ఉంటుంది. 1932 వీ8కి ఆ నంబరు 18తో, నాలుగు సిలిండర్ల బండికి ఏబీతో మొదలై, రెండు చివరలా నక్షత్రం గుర్తుతో ఉంటుంది. చాలా బళ్లలో మొదటి ఇంజను ఎప్పుడో పోయింది, టైటిల్ (యాజమాన్య పత్రం) మాత్రం ఆ పోయిన ఇంజను నంబరు మీదే నడుస్తోంది. బాడీ ఎత్తి ఫ్రేము నంబరు చూడనిచ్చేవాడి దగ్గరే కొనండి. నంబరు కలవకపోతే మీ రాష్ట్రపు డీఎంవీని (అమెరికాలో బళ్లు నమోదు చేసే కార్యాలయం) ముందే అడగండి. కాలిఫోర్నియాలో అనుమానం వస్తే హైవే పెట్రోల్ దగ్గరికి తనిఖీకి పంపుతారు, కొత్త బాడీ, కొత్త ఫ్రేముతో కట్టినదాన్ని ప్రత్యేక నిర్మాణం కింద వేరుగా నమోదు చేస్తారు. నంబరు తిరిగి కొట్టించే ఆలోచన మాత్రం వద్దు. అది నేరం, బండి కూడా పోతుంది.

అన్నిటికన్నా విలువైనది 1940లు, 50లలోనే హాట్ రాడ్‌గా మారిన బండి. దాన్ని గుర్తుపట్టే ఆనవాళ్లున్నాయి. గ్యాస్ వెల్డింగు అతుకులు, సీసం నింపిన రంధ్రాలు, వేడి చేసి కిందికి దించిన ఇరుసు, విమానాల మిగులు సరుకులోంచి వచ్చిన సీటు బెల్టులు, గేజులు, డ్యాష్ మీద చిన్న పలక బిగించిన రెండు రంధ్రాలు. 1937లో మొదలైన ఎస్‌సీటీఏ (దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) సంఘం ఎండు సరస్సుల పరుగుల్లో వేగం చెక్కిన పలకలు ఇచ్చేది. అలాంటి బండి దొరికితే రంగు గీకకండి. ప్రతి బ్రాకెట్టునీ విప్పకముందే ఫొటో తీసి కొలతలు రాసుకోండి. ఆ చేతిపనిని చెరిపేసి మెరిసే కొత్త బండి చేయడం కన్నా పెద్ద నష్టం ఈ రంగంలో లేదు.

బాడీ, ఫ్రేము

తుప్పు కింది నుంచి మొదలవుతుంది. కౌల్ అడుగు, తలుపుల కింది అంచు, బాడీని ఫ్రేముకు బిగించే సబ్‌రెయిళ్లు, డిక్కీ నేల, వెనక మూలలు, ఈ ఐదు చోట్లా స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. కింది నాలుగైదు అంగుళాలు పోయిన బాడీని నిలబెట్టవచ్చు. కీళ్లు ఉండే స్తంభాలు వంగిపోతే, కౌల్ మెలి తిరిగితే అది టింకరింగ్ పనిలో ఆరితేరిన వాళ్లకే సాధ్యం.

సబ్‌రెయిలు కోసే ముందు బాడీని ఫ్రేముకు బోల్టులతో బిగించి, తలుపుల సందులు నాలుగు వైపులా సమానంగా వచ్చేదాకా షిమ్ములు (పలచటి రేకు ముక్కలు) వేసి సరిచేయండి. తర్వాత తలుపు ఖాళీలకు అడ్డంగానూ ఐమూలగానూ ఇనప గొట్టాలు తాత్కాలికంగా వెల్డు చేయండి. పై కప్పు లేని బాడీకి బలమంతా అడుగులోనే ఉంటుంది. ఆ గొట్టాలు లేకుండా రెయిలు కోస్తే నడుం దగ్గర కూలుతుంది, తర్వాత తలుపు ఎప్పటికీ మూసుకోదు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి.

రేకు సుమారు 20 గేజి. మిగ్ వెల్డింగుతో అయితే 0.6 మిల్లీమీటర్ల తీగ వాడి, ఒక్కో చుక్క అంగుళం దూరంలో వేస్తూ, చేత్తో తాకగలిగేంత చల్లారాకే పక్క చుక్క వేయాలి. తొందరపడితే రేకు అలలు తేలుతుంది. మిగ్ అతుకు గట్టిగా ఉండి సుత్తికి లొంగదు. బయటికి కనపడే చోట టిగ్ గానీ గ్యాస్ గానీ వెల్డింగు మేలు, అతుకుని సుత్తి, డాలీతో (వెనక ఆనించే ఇనప దిమ్మ) సాగదీసి చదును చేయవచ్చు. రంగు తీయడానికి ఇసుకతో కొడితే తలుపులు, డిక్కీ మూత లాంటి చదును రేకులు వేడెక్కి ఉబ్బుతాయి. వాటికి రసాయనం వాడండి, ఇసుకని ఫ్రేముకీ ఇరుసుకీ ఉంచండి. వట్టి రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమరు, దాని మీదే లప్పం. లప్పం 3 మిల్లీమీటర్లు దాటుతోందంటే సొట్ట ఇంకా తీయలేదని అర్థం.

ఫ్రేము విషయానికొస్తే మోడల్ ఏ పట్టీ పలచటిది, లోపలి వైపు తెరిచి ఉంటుంది. వీ8 తోపుకి అది మెలి తిరుగుతుంది. లోపలి వైపు 1/8 అంగుళం ప్లేటు వేసి మూయాలి. ఫ్రేముని సమతలంగా ఉన్న బల్లకు బిగించి, అంగుళంన్నర అతుకు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి వేస్తూ పోండి. ఐమూల కొలతలు రెండూ 1/8 అంగుళం లోపు తేడాతో కలవాలి.

ముందు ఇరుసు

బండి రూపం, నడక రెండూ ఇక్కడే తేలుతాయి. ఎక్కువ చెడగొట్టేదీ ఇక్కడే. ముందు భాగం దించడానికి మూడు దారులున్నాయి. ఇరుసు చివరలు సాగదీసి దించడం, కమాను ప్రధాన పట్టీ కళ్లను తిరగేయడం, కట్టలో కొన్ని పట్టీలు తీసేయడం. ఇరుసుని దించడమే సరైన పద్ధతి. పట్టీలు మరీ తగ్గిస్తే ప్రతి గుంతలోనూ ఇరుసు ఫ్రేముకి తగులుతుంది. షాకిళ్లు (కమాను కొసలని ఇరుసుకి కలిపే లంకెలు) బరువు పడ్డాక సుమారు 45 డిగ్రీల కోణంలో ఉండాలి. నిలువుగా వేలాడుతుంటే కమాను పొడవు ఎక్కువ, అడ్డంగా పడుకుంటే తక్కువ.

ఇంజను కోసం చోటు కావాలని విష్‌బోన్‌ని (ఇరుసు ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టే వీ ఆకారపు కడ్డీ) మధ్యలో చీల్చి రెండు కొసలనీ ఫ్రేము పట్టీలకు బిగించడం పాత అలవాటు. ఫోర్జ్ చేసిన దూలం ఇరుసుతో ఇది పనిచేస్తుంది, ఎందుకంటే ఒక చక్రం లేచినప్పుడు ఆ దూలం కొద్దిగా మెలి తిరుగుతుంది. గొట్టం ఇరుసు మెలి తిరగదు. దానికి చీల్చిన విష్‌బోన్ బిగిస్తే ఆ బలమంతా బ్రాకెట్ల మీద పడి అతుకులు బీటవారతాయి. గొట్టం ఇరుసుకి నాలుగు కడ్డీల అమరిక వాడాలి.

స్పిండిళ్లు (ముందు చక్రాలు తిరిగే కొసలు) 1937 నుంచి 1948 వరకు వచ్చినవి తీసుకుంటే హైడ్రాలిక్ బ్రేకులు నేరుగా కూర్చుంటాయి. కానీ ఇరుసు చివర కింగ్‌పిన్ (స్పిండిల్ పక్కకి తిరిగే నిలువు పిన్ను) దూరే బాస్ ఎత్తు ఏడాదిని బట్టి 1/8 అంగుళం దాకా మారుతుంది. కొనేముందు బాస్‌నీ స్పిండిల్ నోటినీ కొలిచి చూసుకోండి. కింగ్‌పిన్ బుష్షులు కొత్తవి వేయించి రీమరుతో సరిపెట్టించండి, పాతవాటితో సర్దుకోవద్దు.

క్యాస్టర్ (కింగ్‌పిన్ పై కొస వెనక్కి వాలే కోణం) 5 నుంచి 7 డిగ్రీలు, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి దగ్గరయ్యే కొలత) 1/16 నుంచి 1/8 అంగుళం. 40 మైళ్ల వేగంలో చక్రాలు రెండూ ఊగిపోయి స్టీరింగు చేతిలోంచి జారిపోయే జబ్బుకి అందరూ ముందు స్టీరింగు ఊపుని ఆపే డాంపరు కొంటారు. అది జబ్బుని దాచుతుందే తప్ప నయం చేయదు. ఈ వరసలో చూడండి: టైర్ల బ్యాలెన్సు, చక్రం బేరింగుల ఆట, కింగ్‌పిన్లు, టైరాడ్ కీళ్లు, షాకిల్ బుష్షులు, క్యాస్టర్, చివరగా స్టీరింగ్ బాక్సు. దాదాపు ప్రతిసారీ ఈ ఏడింట్లోనే దొరుకుతుంది. స్టీరింగ్ కడ్డీ బండికి అడ్డంగా వెళ్లే అమరికలో ఇరుసుని ఫ్రేముకి అడ్డంగా కట్టే పానార్డ్ కడ్డీ తప్పనిసరి. లేకపోతే స్టీరింగు తిప్పినప్పుడు చక్రాలకు బదులు ఇరుసే షాకిళ్ల మీద పక్కకి జరుగుతుంది.

బ్రేకులు, వెనక ఇరుసు

ఫోర్డు 1938 దాకా కడ్డీలతోనో కేబుళ్లతోనో లాగే బ్రేకులే ఇచ్చింది, 1939లో హైడ్రాలిక్‌కి మారింది. పాత పద్ధతి బండికి 1939-48 నాటి 12 అంగుళాల డ్రమ్ములు సరైనవి. చక్రాల విషయం గుర్తుంచుకోండి. 1936-39 ఫోర్డు చక్రాలకు బోల్టులు 10.25 అంగుళాల పెద్ద వలయంలో ఉంటాయి. 1935 వరకూ, మళ్లీ 1940-48లోనూ ఐదు బోల్టులు 5.5 అంగుళాల వలయంలోనే. 1940-48 హబ్బులూ డ్రమ్ములూ తీసుకుంటే ఆ ఏళ్ల 16 అంగుళాల ఉక్కు చక్రాలు నేరుగా పడతాయి. ముందు 5.50-16, వెనక 7.00-16 లేదా 7.50-16 టైర్లు వేస్తే ముందుకి వాలిన ఆ పాత రూపం దానంతటదే వస్తుంది.

ఈ బ్రేకులు పట్టవనే చెడ్డపేరు సర్దుబాటు తెలియకపోవడం వల్ల వచ్చింది. ప్రతి షూకీ అడుగున విడిగా ఒక యాంకరు పిన్ను ఉంటుంది, అది వంకరగా తిరిగే రకం. పైనున్న క్యాములు మాత్రమే తిప్పి వదిలేస్తే షూ పై అంచు ఒక్కటే డ్రమ్ముకి తగులుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. షూలను డ్రమ్ము వ్యాసానికి తగ్గట్టు అరగదీయించి, ముందు అడుగు పిన్నులు, తర్వాత పై క్యాములు సరిచేయాలి. లైనింగు మీద సుద్ద రాసి చక్రం తిప్పితే ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ఇంకా మెరుగైనవి కావాలంటే 1939-48 లింకన్ బెండిక్స్ బ్రేకులు. వాటిలో ముందు షూ తిరిగే డ్రమ్ముతో పాటు లాగబడి రెండో షూని నొక్కుతుంది కాబట్టి కాలి బలం తక్కువ చాలు.

మాస్టర్ సిలిండరు విషయంలో పాత పద్ధతి పట్టుదల వదిలేయండి. ఒకే అరతో ఉన్న పాతదానిలో ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలూ పోతాయి. నేల కింద కనపడని చోట రెండు అరలది బిగించండి. అది చక్రాల సిలిండర్ల కన్నా కిందికి ఉంటుంది కాబట్టి డ్రమ్ముల వైపు 10 పౌండ్ల రెసిడ్యువల్ వాల్వు (గొట్టంలో కొంత ఒత్తిడి నిలిపేది) వేయాలి. లేకపోతే నూనె వెనక్కి జారి, మొదటి తొక్కుకి పెడల్ నేలకి దిగుతుంది.

వెనక 1940 నాటి బాంజో హౌసింగు (వెనక ఇరుసు గేర్లుండే పెంకు) వాడితే టార్క్ ట్యూబునీ (షాఫ్టు తిరిగే మూసిన గొట్టం) షాఫ్టునీ మీ వీల్‌బేస్‌కి తగ్గట్టు పొట్టి చేయించాలి. హబ్బు కోసుగా ఉన్న ఇరుసు కొస మీద బిగుసుకుని ఉంటుంది. సుత్తితో కొట్టి తీస్తే లోపల బేరింగులు, గేర్లు దెబ్బతింటాయి, హబ్బు మరల మీద ఎక్కించే పుల్లరు వాడండి. తిరిగి పెట్టేటప్పుడు కోసు మీద నూనె గానీ గ్రీజు గానీ ఉండకూడదు. బలం మోయాల్సింది ఆ పొడి పట్టే, తాళం చెవి లాంటి ఆ చిన్న కీ కాదు. గేరు నిష్పత్తి 3.78, టైరు ఎత్తు 30 అంగుళాలు అయితే 60 మైళ్ల వేగంలో ఇంజను సుమారు 2,540 చుట్లు తిరుగుతుంది. 4.11తో అది సుమారు 2,760. దూరాలు నడిపే వాళ్లకి 3.54 లేదా 3.78 చాలు.

గేర్‌బాక్సు 1939 నాటి ఫ్లోర్ షిఫ్టుదైతే రెండో, మూడో గేర్లకి సింక్రో (గేరు రాపిడి లేకుండా పడే ఏర్పాటు) ఉంటుంది. మోడల్ ఏ బాక్సుకి అది లేదు, వీ8 బలాన్నీ తట్టుకోలేదు.

ఫ్లాట్‌హెడ్ వీ8

ఫ్లాట్‌హెడ్ అంటే వాల్వులు హెడ్డులో కాక బ్లాకులో ఉండే ఇంజను. 1932లో ఇది 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవర్. 1938 వరకు హెడ్డుకి 21 స్టడ్లు, ఆ తర్వాత 24. వెతకాల్సింది 1946-48 నాటి 59ఏబీ బ్లాకు. బోరు (సిలిండరు వ్యాసం) 3-3/16 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3-3/4 అంగుళాలు, 239 ఘనపు అంగుళాలు. దీనికి బెల్‌హౌసింగు (క్లచ్చుని కప్పే పెంకు) బ్లాకుతోనే పోత పోసి ఉంటుంది, పాత గేర్‌బాక్సు నేరుగా పడుతుంది. 1949-53 నాటి 8బీఏ కూడా మంచి ఇంజనే, కానీ బెల్‌హౌసింగు వేరు కాబట్టి అడాప్టరు కావాలి.

బ్లాకు మీద ఒక్క డాలరు ఖర్చు పెట్టేముందు దాన్ని పూర్తిగా విప్పి, కాస్టిక్ తొట్టిలో వండించి, నీటి అరల్లో మిగిలిన పోత ఇసుకనీ తుప్పునీ తీగతో గీకి తీయించండి. ఆ తర్వాతే అయస్కాంత పరీక్ష, నీటి ఒత్తిడి పరీక్ష. పగుళ్లు ఎక్కువగా వాల్వు సీటు నుంచి సిలిండరు వైపు, నీటి రంధ్రం నుంచి స్టడ్డు రంధ్రం వైపు పాకుతాయి. స్టడ్డు పక్కన చిన్న బీటతో చాలా ఇంజన్లు బతుకుతాయి. సీటు నుంచి సిలిండరులోకి దిగిన బీట ఉంటే ఆ బ్లాకు వదిలేయడం మంచిది.

ఈ ఇంజను వేడెక్కడానికి కారణం దాని కట్టుబడిలోనే ఉంది. పొగ దారులు బ్లాకు లోపల నీటి అరల మధ్యగా వెళ్తాయి, పైగా ప్రతి వైపూ మధ్య రెండు సిలిండర్లకి కలిపి ఒకటే దారి. అంటే పొగ వేడి అంతా రేడియేటరు మోయాలి. అందుకే లోపల శుభ్రం కాని బ్లాకుకి ఎంత పెద్ద రేడియేటరు పెట్టినా మరుగుతూనే ఉంటుంది. రెండు పంపులూ కొత్తవి వేసి, రెండు థర్మోస్టాట్లూ తప్పక ఉంచండి. తీసేస్తే నీరు మరీ వేగంగా పరుగెత్తి రేడియేటరు పై గొట్టంలోంచి బయటికి చిమ్ముతుంది.

పాత పద్ధతిలో పేరుమోసిన కొలత 276 ఘనపు అంగుళాలు. 3-5/16 బోరు, 1949-53 మెర్క్యురీ 4 అంగుళాల స్ట్రోకు క్రాంకు. ఆ బోరుకి వెళ్లే ముందు గోడ మందం సోనిక్ గేజితో కొలిపించండి, పోతలో కోరు జరిగితే ఒక పక్క గోడ పలచగా ఉంటుంది. వాల్వు సందు ఇన్‌టేకుకి 0.010 నుంచి 0.012, ఎగ్జాస్టుకి 0.014 నుంచి 0.016 అంగుళం. ఫ్యాక్టరీ లిఫ్టర్లకి (క్యాముకీ వాల్వుకీ మధ్య ఉండి వాల్వుని ఎత్తే ముక్కలు) సర్దుబాటు ఉండదు, వాల్వు కాడ అరగదీయాలి. కొత్త క్యాము వేస్తుంటే సర్దుబాటు లిఫ్టర్లు కొనడం తెలివైన ఖర్చు.

హెడ్డు స్టడ్లు నీటి అరల్లోకి దిగుతాయి, మరలకి సీలెంటు పూయకపోతే నీరు వాటి వెంట పైకి పాకుతుంది. మధ్య నుంచి బయటికి మూడు విడతల్లో సుమారు 45-50 పౌండ్-అడుగుల దాకా బిగించండి. మళ్లీ బిగించేటప్పుడు పోత ఇనుము హెడ్లని వేడిగా ఉన్నప్పుడు, అల్యూమినియం హెడ్లని పూర్తిగా చల్లారాక. ఇది తారుమారైతే గాస్కెట్ నిలవదు.

రెండు స్ట్రాంబర్గ్ 97 కార్బ్యురేటర్లు వీధి బండికి సరిపోతాయి, మూడు చూపుకే బాగుంటాయి. వీటికి పెట్రోలు ఒత్తిడి 2.5 పౌండ్లు దాటకూడదు. ఈనాటి ఎలక్ట్రిక్ పంపులు 5, 6 పౌండ్లు ఇస్తాయి, నీడిల్ వాల్వు ఆగలేక పెట్రోలు పొంగి మ్యానిఫోల్డు మీద కారుతుంది, వేడి ఇంజను మీద అది మంటే. రెగ్యులేటరు పెట్టి, గేజితో చూసి నిర్ధారించుకోండి. బౌల్‌లో పెట్రోలు మట్టం పై అంచు నుంచి 15/32 అంగుళం కింద ఉండాలి. మోడల్ ఏ ట్యాంకు కౌల్‌లో, సరిగ్గా మోకాళ్ల పైన ఉంటుంది. దాన్ని ఖాళీ పెంకుగా ఉంచి, అసలు ట్యాంకుని వెనక్కి మార్చండి.

ఫైరింగ్ ఆర్డరు 1-5-4-8-6-3-7-2. ఒకటి నుంచి నాలుగు కుడి వైపు, ఐదు నుంచి ఎనిమిది ఎడమ వైపు, ముందు నుంచి లెక్క. 6 వోల్టుల పద్ధతి ఉంచుకుంటే పాజిటివ్ ఎర్త్ అని మరచిపోకండి. బ్యాటరీ తీగలు 12 వోల్టుల బళ్లకి అమ్మే పలచటివి వేస్తే స్టార్టరు ఈడుస్తుంది. 1/0 కొలత లావు తీగలు, రంగు గీకిన ఎర్త్ చోటు ఉంటే ఈ ఇంజను చక్కగా తిరుగుతుంది.

రంగు ఎప్పుడు

చివర్లో. బండి మొత్తం ప్రైమరుతోనే కూర్చి, కొన్ని వందల మైళ్లు నడపండి. ఏ బ్రాకెట్టు బీటవారుతోందో, టైరు ఎక్కడ రాసుకుంటోందో, సైలెన్సరు గొట్టం ఏ తీగని కాలుస్తోందో అప్పుడే తెలుస్తుంది. అవన్నీ కొత్త రంగు వేశాక తెలిస్తే, వెల్డింగు నిప్పురవ్వలు దాని మీదే పడతాయి. మొదటి 50 మైళ్ల తర్వాత వెనక హబ్బు నట్లు, కమాను యూ-బోల్టులు, స్టీరింగ్ బాక్సు బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ బిగించి కాటర్ పిన్నులు కొత్తవి వేయండి. హబ్బు నట్టు ప్రతిసారీ కొంత లోపలికి వస్తూనే ఉంటే కోసు అరిగిపోయిందని అర్థం. పలచటి షిమ్ముతో సర్దుకోవచ్చు గానీ, రెండోసారీ వదులైతే ఆ ఇరుసుని మార్చాల్సిందే.